రాతినేల మీద ఎర్తింగ్



సికింద్రాబాద్ వెస్ట్ మారేడుపల్లిలో, పద్మారావు నగర్‌లో, మెట్టుగూడలో, మోండా మార్కెట్ చుట్టుపక్కల సందుల్లో యాభై అరవై ఏళ్ళ నాటి ఇళ్ళు ఇప్పటికీ చాలా కనిపిస్తాయి. తాతగారు కట్టించిన ఇల్లు, అన్నదమ్ములు పోర్షన్లుగా పంచుకున్న ఇల్లు, ముందు భాగం అద్దెకిచ్చి వెనక గదుల్లో తాము ఉంటున్న ఇల్లు. వీటికి రంగులు మారాయి. నేల మీద షాబాదు బండలు పోయి టైల్స్ వచ్చాయి. పెరట్లో ఉండే స్నానాలగది ఇంట్లోకి వచ్చింది, దానికో గీజరు కూడా వచ్చింది. వైర్లు మాత్రం చాలా ఇళ్ళలో కట్టిన నాటివే. ఇవాళ ఆ వైర్ల గురించీ, వాటి పక్కన తప్పకుండా ఉండవలసిన ఎర్త్ తీగ గురించీ మాట్లాడదలిచాను. మధ్యలో కొన్ని అంకెలు వస్తాయి. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుంటే మంచిది.

మన హైదరాబాద్, సికింద్రాబాద్ జంట నగరాలకు కరెంటు చాలా ముందే వచ్చింది. 1920లోనే హుస్సేన్ సాగర్ ఒడ్డున నిజాం ప్రభుత్వం బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రం పెట్టింది. ఇప్పుడు ఎన్టీఆర్ గార్డెన్స్ ఉన్న ప్రాంతం అది. ఆ తరం ఇళ్ళలో గోడలకు టేకు బద్దెలు కొట్టి, వాటి మీద రబ్బరు తొడుగు వైర్లను రేకు క్లిప్పులతో బిగించేవాళ్ళు. తర్వాత పీవీసీ తొడుగు వచ్చింది. 1960ల నుంచి రాగి కొరత వల్ల అల్యూమినియం వైరు విరివిగా వేశారు. ఆ పని చేసిన మేస్త్రీలు చేతకాని వాళ్ళేమీ కారు. బద్దె వైరింగ్ తిన్నగా, ముచ్చటగా ఉండేది. వాళ్ళు లెక్కపెట్టిన బరువు వేరు, అంతే.

ఆ బరువు ఎంతో చూడండి. అప్పటి ఇంట్లో 60 వాట్ల బల్బులు ఆరు, ఫ్యాన్లు నాలుగు, ఒక రేడియో. అన్నీ ఒకేసారి వేసినా 700 వాట్లు. అంటే 3 ఆంపియర్ల కరెంటు. ఇప్పుడు 2000 వాట్ల గీజరు ఒక్కటే దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. టన్నున్నర ఏసీ మరో ఏడెనిమిది. ఇండక్షన్ స్టవ్, వాషింగ్ మెషీన్, ఇస్త్రీపెట్టె వీటి మీద అదనం. వైరులో పుట్టే వేడి కరెంటు పెరిగినంతే పెరగదు. కరెంటు మూడింతలైతే వేడి తొమ్మిదింతలవుతుంది. మూడు ఆంపియర్లకు చల్లగా ఉన్న వైరు తొమ్మిది ఆంపియర్లకు ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. రబ్బరు తొడుగైతే ఈపాటికి ఎండి, వేలు తగిలితే పొడిగా రాలుతూ ఉంటుంది.

వైరు సంగతికి మళ్ళీ వస్తాను. ముందు ఎర్త్ గురించి చెప్పాలి. వైరు వేడెక్కితే వాసనో, మసిబారిన ప్లగ్గో ఏదో ఒకటి ముందే చెబుతుంది. ఎర్త్ లేకపోతే ఏదీ చెప్పదు. అంతా మామూలుగానే నడుస్తుంది. ఆ లోటు ప్రాణం మీదికి వచ్చాకే తెలుస్తుంది.

గీజరు లోపల కాయిల్‌కి ఒక లోహపు తొడుగు ఉంటుంది. మన బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ. అది తొడుగు మీద గారలా పేరుకుంటుంది, తొడుగు చిట్లుతుంది. ఫేజు కరెంటు నీళ్ళలోకి, గీజరు ట్యాంకులోకి వస్తుంది. సాకెట్టులో మూడో పిన్నుకు, అంటే పైనున్న లావు పిన్నుకు, ఎర్త్ తీగ నిజంగా కలిపి ఉంటే ఆ కరెంటు దాని గుండా నేలలోకి దారి చూసుకుంటుంది. కలిపి లేకపోతే అక్కడే కాచుకుని ఉంటుంది, ఎవరో ఒకరు తడి చేత్తో కుళాయి తిప్పేదాకా. ప్లగ్గులో ఆ మూడో పిన్ను మిగతా రెంటికన్నా పొడవుగా ఉండేది ఎందుకంటే, పెట్టేటప్పుడు అన్నిటికన్నా ముందు అది కలవాలి, తీసేటప్పుడు అన్నిటికన్నా చివర విడిపోవాలి. అంత ఆలోచించి చేసిన పిన్నుకు వెనకాల తీగే లేని బోర్డులు మన పాత ఇళ్ళలో కొల్లలు.

ఎర్త్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండేవాళ్ళకు కూడా ఒక మాట చెప్పాలి. అది మన నేల గురించి. హైదరాబాద్, సికింద్రాబాద్ రెండూ గ్రానైటు మీద కూర్చున్న ఊళ్ళు. మౌలాలి గుట్ట చూస్తే చాలు. దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటి రాయి అది. చాలా చోట్ల పైన కొంచెం మట్టి, దాని కింద మొరం, ఇంకొంచెం తవ్వితే బండ. కరెంటు నేలలో పారేది తేమ ఉన్న మట్టిలో. గట్టి బండలో పారదు. గోదావరి జిల్లాల నల్లమట్టిలో ఒక పైపు దించితే వచ్చే ఎర్త్‌కీ, ఇక్కడ బండ తగిలి ఆగిపోయిన పైపుతో వచ్చే ఎర్త్‌కీ పోలికే లేదు. పైగా ఏప్రిల్, మే నెలల్లో ఆ ఉన్న కాస్త తేమా ఆరిపోతుంది. సరిగ్గా అవే కూలర్లు నడిచే నెలలు. ఇనుప రేకు డబ్బా, లోపల నీళ్ళు, నీళ్ళలో మోటారు, కింద తడి నేల, రెండు పిన్నుల ప్లగ్గు. ఎర్త్ అత్యవసరమైన కాలంలోనే మన నేలలో ఎర్త్ అతి బలహీనంగా ఉంటుంది. ఇది మన ఊరి ప్రత్యేక సమస్య. దీన్ని పట్టించుకోకుండా ఎక్కడి సలహానో ఇక్కడ వాడలేం.

లెక్క వేసి చూద్దాం. మీ ఇంటి ఎర్త్ తీగ నేలలో కలిసే గుంత నిరోధం వేసవిలో 20 ఓములు ఉందనుకోండి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి ఎర్త్ 5 ఓములు. మొత్తం 25. గీజరు బాడీకి ఫేజు తగిలితే 230 వోల్టుల్ని 25తో భాగించండి. 9.2 ఆంపియర్లు. ఇంట్లో ఉన్న ఫ్యూజు 15 ఆంపియర్లది. ఆ ఫ్యూజు తీగ తెగాలంటే దాదాపు రెట్టింపు కరెంటు పారాలి. 9 ఆంపియర్లకు అది తెగనే తెగదు. ఫ్యూజు బదులు 16 ఆంపియర్ల ఎంసీబీ, అంటే కరెంటు మితిమీరితే తనంత తానే పడిపోయే స్విచ్, ఉన్నా అంతే. ఇక గీజరు బాడీ మీద ఎన్ని వోల్టులు మిగిలాయో చూడండి. 9.2ని 20తో గుణిస్తే 184. ఎర్త్ తీగ ఉంది, కలిపి ఉంది, గుంత కూడా ఉంది. అయినా బాడీ మీద 184 వోల్టులు అలాగే నిలబడి ఉన్నాయి. మీటరు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. కారణం తెలియకుండా బిల్లు పెరిగిన పాత ఇంట్లో అనుమానించవలసిన వాటిలో ఇదీ ఒకటి.

మరి ఎలక్ట్రీషియన్ వచ్చి చూసి బాగుందన్నాడే, అంటారా? సాధారణంగా చేసే పరీక్ష ఏమిటంటే, హోల్డరుకు 100 వాట్ల బల్బు పెట్టి, ఒక వైరు ఫేజులో, ఇంకో వైరు ఎర్త్‌లో పెడతారు. బల్బు వెలిగితే ఎర్త్ ఉన్నట్టు. తీగ ఎక్కడా తెగలేదని చెప్పడానికి ఈ పరీక్ష పనికొస్తుంది. గుంత ఎలా ఉందో చెప్పడానికి పనికిరాదు. వెలుగుతున్న 100 వాట్ల బల్బు నిరోధమే దాదాపు 530 ఓములు. దానికి ఇందాకటి 25 ఓములు కలిస్తే బల్బుకు 230కి బదులు 220 వోల్టులు అందుతాయి. ఆ తేడా కంటికి కనబడదు. దిట్టంగా వెలిగిన బల్బును చూసి ఇంటాయన సంతోషిస్తాడు, గుంత లోపల పైపు తుప్పుపట్టి సగం పోయి ఉంటుంది. అందుకే, ఎర్త్ నిరోధం కొలిచే మీటరు వేరే ఉంది. దూరంగా రెండు ఇనుప చీలలు నేలలో దింపి కొలుస్తారు. మీ ఎలక్ట్రీషియన్‌ని బాగుందా లేదా అని అడక్కండి. ఎన్ని ఓములు వచ్చిందని అడగండి.

పాత ఇళ్ళలో ఇంకో సంగతి ఉంది. విడిగా గుంత తవ్వకుండా ఎర్త్ తీగను నీళ్ళ పైపుకు కట్టేసిన ఇళ్ళు బోలెడు. ఆ రోజుల్లో వీధిలోంచి ఇంట్లోకి ఇనుప పైపే వచ్చేది కాబట్టి పని జరిగిపోయింది. తర్వాత ఎప్పుడో పైపులు లీకయ్యాయని నేలలోవి తీసేసి ప్లాస్టిక్‌వి వేయించుకున్నారు. ప్లంబరుకు ఎర్త్ సంగతి తెలియదు, ఎలక్ట్రీషియన్‌ని ఎవరూ పిలవలేదు. ఇప్పుడు ఆ తీగ నేలకు చేరదు. ఇంట్లో మిగిలిన ఇనుప పైపు ముక్కలకు, కుళాయిలకు మాత్రం చేరుతుంది. ఎక్కడ కరెంటు లీకైనా కుళాయిలన్నీ షాక్ కొడతాయి. కుళాయి ముట్టుకుంటే సన్నగా జిల్లుమంటోందని ఎవరైనా అంటే కొట్టిపారేయకండి. ఆ రోజే మెయిన్ ఆపి చూపించండి.

అన్నిటికన్నా నన్ను భయపెట్టే అలవాటు ఒకటుంది. కంప్యూటర్ పెట్టడానికి వచ్చినవాళ్ళు, వాషింగ్ మెషీన్ బిగించడానికి వచ్చినవాళ్ళు ఎర్త్ లేదు, ఎర్త్ ఉంటేగానీ బిగించం అంటారు. అప్పుడు సాకెట్టు విప్పి న్యూట్రల్ నుంచి ఒక ముక్క వైరు తీసి ఎర్త్ పిన్నుకు కలిపేస్తారు. టెస్టరు పెట్టినా, బల్బు పెట్టినా అంతా సరిగ్గా ఉన్నట్టే కనబడుతుంది. ఎప్పుడో ఒకరోజు మెయిన్ దగ్గరో, స్తంభం దగ్గరో న్యూట్రల్ ఊడుతుంది. ఆ క్షణంలో ఆ మెషీన్ బాడీ మొత్తానికి 230 వోల్టులు వచ్చి చేరతాయి. ఎర్త్ లేకపోవడం ప్రమాదం. ఎర్త్ పిన్నుకు న్యూట్రల్ కలపడం అంతకన్నా పెద్ద ప్రమాదం. మీ ఇంట్లో ఇలా ఉందేమో తప్పక విప్పించి చూడండి.

ఇంత రాతినేల మీద మనకు దిక్కేమిటి? దిక్కుంది. దాని పేరు ఆర్‌సీసీబీ. మెయిన్ బోర్డులో ఎంసీబీల పక్కన ఉంటుంది, దాని మీద చిన్న టెస్ట్ బటన్ ఉంటుంది. ఫేజులో వెళ్ళిన కరెంటూ న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటూ సమానమా కాదా అని అది ఎప్పుడూ పోల్చి చూస్తూ ఉంటుంది. 30 మిల్లీ ఆంపియర్లు దారి తప్పితే చాలు, సెకనులో మూడో వంతు లోపే కరెంటు కట్ చేస్తుంది. లీకేజీ ఎక్కువగా ఉంటే ఇంకా త్వరగా. 10 మిల్లీ ఆంపియర్లు దాటితే పట్టుకున్న చెయ్యి విడిపించుకోవడం కష్టం. తడి ఒంటి గుండా 200 మిల్లీ ఆంపియర్లు కూడా పారవచ్చు. అందుకే 30 దగ్గర గీత గీశారు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల్లో ఇళ్ళకు చెప్పిన పరిమితి కూడా ఇదే.

మన రాతినేలతో దీన్ని కలిపి చూడండి. గుంత నిరోధం 20 కాదు, 100 ఓములే అనుకుందాం. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి 5 కలిపితే లీకేజీ కరెంటు దాదాపు 2.2 ఆంపియర్లు. అంటే 2200 మిల్లీ ఆంపియర్లు. ఫ్యూజుకు అది లెక్కలోకే రాదు. ఆర్‌సీసీబీకి 30 చాలు. గీజరు చెడిన మరుక్షణం, ఎవరూ ముట్టుకోకముందే అది పడిపోతుంది. బండ మీద కట్టుకున్న ఊరికి ఇంతకన్నా తగిన పరికరం లేదని నా గట్టి నమ్మకం. రెండు మూడు వేల రూపాయల్లో వస్తుంది. అయితే ఒకటి గుర్తుంచుకోండి. ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే అది కాపాడలేదు. వైరు మీద బరువు ఎక్కువైతే అది ఆపదు, దానికి ఎంసీబీ కావాలి. రెండూ ఉండాలి. ఎర్త్ తీగ కూడా ఉండాలి. ఎర్త్ తీగ లేకపోయినా ఆర్‌సీసీబీ పనిచేస్తుంది, కానీ అప్పుడు కరెంటు మనిషి ఒంట్లోంచి పారాకే దానికి తెలుస్తుంది.

పాత ఇళ్ళలో దీన్ని పెట్టగానే ఊరికే పడిపోతోందని తీయించేసేవాళ్ళు ఉన్నారు. అది ఊరికే పడదు. పోర్షన్లు పంచుకున్నప్పుడు మీటర్లు వేరైనా న్యూట్రల్ ఒకటే ఉండిపోతుంది. అన్నగారి పోర్షన్లో ఫేజు, తమ్ముడి పోర్షన్లోంచి న్యూట్రల్. మెట్ల మీది లైటుకు ఇది మరీ మామూలు. వెళ్ళిన కరెంటు వెళ్ళిన దారినే తిరిగి రాకపోతే ఆర్‌సీసీబీ పడాల్సిందే. న్యూట్రళ్ళు విడదీయించాలి గానీ పరికరం తీసేయకూడదు.

గుంత విషయంలో పెద్దలు చేసిన పని మంచిదే. గాల్వనైజ్డ్ ఇనుప పైపు రెండున్నర మీటర్లు దింపి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేసి, వేసవిలో నీళ్ళు పోయడానికి పైన గరాటు పెట్టేవాళ్ళు. ఉప్పు తేమను పట్టి ఉంచుతుంది. ఏళ్ళ తరబడి ఇనుముని కూడా తినేస్తుంది. ఇప్పుడు ఆ గరాటు మీద పార్కింగ్ టైల్స్ పరిచేశారు, గుంత ఎక్కడుందో ఇంట్లో ఎవరికీ తెలియదు. వెతికించండి, లేదా కొత్తది వేయించండి. బండ తగిలి పైపు దిగకపోతే ఉన్నంత లోతులో దూరదూరంగా రెండు మూడు పైపులు వేసి కలపవచ్చు. కాలవ తీసి గాల్వనైజ్డ్ పట్టీని అడ్డంగా పాతవచ్చు. ఎర్తింగ్ గురించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 3043 ఈ పద్ధతుల్ని ఒప్పుకుంటుంది. పైపు దిగలేదని గుంతే మానేయడం సరికాదు.

ఇక వైర్లు. రాసుకోండి. లైట్లకు, ఫ్యాన్లకు ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు. 16 ఆంపియర్ల సాకెట్లకు రెండున్నర. గీజరుకు, ఏసీకి నాలుగు, ఒక్కోదానికి బోర్డు నుంచి విడిగా లైను. ఎర్త్ తీగ ఆకుపచ్చది, ఫేజు వైరు ఎంత మందమో అంతే మందం. ఎంసీబీ వైరును కాపాడటానికి ఉంది కాబట్టి వైరును బట్టి అది ఉండాలి. ఒకటిన్నరకు 6 లేదా 10 ఆంపియర్లు, రెండున్నరకు 16, నాలుగుకు 20. మాటిమాటికి పడిపోతోందని 16 తీసి 32 పెట్టడమంటే, గోడలో వైరు కాలిపోయేదాకా ఆగమని చెప్పడమే. ఫ్యూజులో రెండు మూడు పోగులు చుట్టేయడం కూడా అలాంటిదే.

మీ ఇంట్లో ఉన్నది అల్యూమినియం అయితే జాగ్రత్త మరింత అవసరం. అల్యూమినియం మీద గాలి తగలగానే కరెంటు పారని సన్నని పొర ఏర్పడుతుంది. స్క్రూ కింద నొక్కుకుపోయి మెల్లగా వదులవుతుంది. వేడికి రాగికన్నా ఎక్కువ సాగుతుంది. పాత అల్యూమినియం వైరుకు కొత్త రాగి వైరు మెలిపెట్టి టేపు చుడితే, తేమ తగిలి ఆ జాయింటు లోలోపల తినుకుపోతుంది. అక్కడే వేడి పుడుతుంది. మొత్తం మార్చే స్తోమత లేకపోతే లైట్లకు దాన్ని ఉంచుకోండి. గీజరు, ఏసీ, వంటింటి సాకెట్లు మాత్రం దాని మీద నడపకండి.

ఇక మంటల సంగతి. 2023 మార్చి 16 రాత్రి మన సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో మంటలు లేచి ఆరుగురు యువతీయువకులు పొగకు ఊపిరాడక చనిపోయారు. 2025 మే 18 ఉదయం చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో పాత ఇంట్లో మంటలు లేచి 17 మంది పోయారు, అందులో పసిపిల్లలున్నారు. రెండు చోట్లా మొదట వినిపించిన మాట షార్ట్ సర్క్యూట్. ఆ మాటతో విచారణ ముగిసినట్టు మనం పేపరు మడిచేస్తాం. షార్ట్ సర్క్యూట్ చాలాసార్లు ఆఖరి క్షణం మాత్రమే. దాని ముందు నెలల తరబడి కాగుతున్న వదులు జాయింటో, మోయలేని బరువు మోస్తున్న వైరో ఉంటుంది. పైగా మామూలు పీవీసీ తొడుగు కాలితే నల్లటి పొగ, ఆమ్లపు ఆవిరి వస్తాయి. ఎఫ్ఆర్ అని ఉన్న వైరు మంటను త్వరగా పాకనివ్వదు. ఎఫ్ఆర్ఎల్ఎస్ అయితే పొగ కూడా తక్కువ. హాలోజెన్ లేని వైర్లు ఇంకా మేలు. ఒకే ఇరుకు మెట్లదారి ఉన్న పాత మేడల్లో, కిటికీలు మూసి ఏసీ వేసుకునే గదుల్లో ఎఫ్ఆర్ఎల్ఎస్‌కు తగ్గకండి. రాణిగంజ్‌లో కొన్నా, ట్రూప్ బజార్‌లో కొన్నా వైరు పొడవునా ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 694 సంఖ్య అచ్చయి ఉండాలి. బిల్లు తీసుకోండి. చవగ్గా వచ్చే పేరులేని కాయిల్లో తగ్గేది రాగే.

అద్దె ఇళ్ళ యజమానులకు ప్రత్యేకంగా చెబుతున్నాను. పోర్షన్ ఖాళీ అయినప్పుడు సున్నం వేయించినట్టే ఎర్త్ కొలిపించండి. గీజరు తెచ్చుకునేది అద్దెకున్నవాళ్ళే కావచ్చు, దాని వెనక ఉన్న వైరు మీది. 2022 జులైలో కామారెడ్డిలో బట్టలారేసే తీగకు వచ్చిన కరెంటు తగిలి ఒకే ఇంట్లో నలుగురు చనిపోయారు, ఒకరి కోసం ఒకరు వెళ్ళి. మేడ మీద సర్వీసు వైరు పైపుకు ఇనుప దండెం కట్టి ఉంటే ఇవాళే విప్పేసి నైలాన్ తాడు కట్టండి. దానికి పెద్ద ఖర్చు లేదు.

ఒకేసారి డబ్బు సర్దలేని వాళ్ళు ఈ వరసలో చేయండి. ముందు ఆర్‌సీసీబీ. తర్వాత గీజరుకు, కూలరుకు ఎర్త్‌తో సహా విడి లైను. ఆ తర్వాత గుంత. చివరగా మిగతా వైరింగ్. లైసెన్సు ఉన్న వైర్‌మన్‌తోనే చేయించండి. స్తంభం నుంచి మీటరు దాకా ఏ తేడా కనిపించినా మీరు ముట్టుకోకుండా 1912కు ఫోన్ చేయండి. కూలర్లో నీళ్ళు పోసేముందు ప్లగ్గు తీయండి, స్విచ్ ఆపితే చాలదు.

మీ ఇంట్లో ఇప్పటికే ఆర్‌సీసీబీ ఉంటే, ఈ ప్రసంగం అయ్యాక లేచి వెళ్ళి దాని మీది టెస్ట్ బటన్ ఒకసారి నొక్కండి. ఠక్కున పడాలి. పడకపోతే రేపే మార్పించండి. పడితే మళ్ళీ పైకి ఎత్తి, నెలకోసారి ఇలాగే నొక్కుతూ ఉండండి.